కుడి పక్క పెద్దంచు

భువనేశ్వరికి కోపం వచ్చి ఇరవై రెండు రోజులైంది. ఎప్పుడు పోతాడో చెప్పని చుట్టానికి అలవాటుపడినట్టు ఇంట్లో అందరూ ఆ కోపానికి అలవాటుపడిపోయారు. పొద్దున ఆమెతోపాటే లేచి కాఫీ తాగేది. మధ్యాహ్నం సంగటి దగ్గర పక్కనే కూర్చునేది. సాయంత్రం వాకిట్లో ఎవరు దొరికితే వాళ్ళకు మొదటి నుంచి కథంతా వినిపించేది. ఇందులో విశేషమేమిటంటే, ఆ కోపం నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనది. అన్యాయమైన కోపమైతే మనిషి రెండు రోజులకే సిగ్గుపడి దాన్ని దాచేసుకుంటాడు. న్యాయమైన కోపంతోనే చిక్కు. దాన్ని ఇంట్లోంచి పంపించడానికి ఒక్క కారణమూ దొరకదు.

ముందు ఆమె పని గురించి చెప్పాలి. నగరిలో మరమగ్గాల చప్పుడు వినబడని వీధి అరుదు. ఆ మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు చుట్టిన బీము తెచ్చి వెనక తగిలిస్తారు. పాత పోగుల కొసలు మగ్గంలోనే, దువ్వెనలాంటి అచ్చు సందుల్లో దూరి ఉంటాయి. వాటికి కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా అతకాలి. చీర పడుగైతే నాలుగు వేలకు పైనే. ముడి వేస్తే అచ్చులో దూరదు. రెండు కొసలూ కలిపి, బూడిద అద్దుకున్న వేళ్ళ మధ్య పెట్టి, ఒక్క పురి తిప్పి వదలాలి. ఆ పురి నిలిస్తే మగ్గం నడుస్తుంది, జారితే పోగు తెగుతుంది. ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నా, "భువనేశ్వరి పురి" అంటే మాత్రం ఒక పేరు. మగ్గం గుంజినా రాదని.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆమెది సత్యవేడు దగ్గర ఒక పల్లె. మగ్గం వదిలి సేద్యంలోకి దిగిన నేతవాళ్ళ ఇంటి పిల్ల. మురుగేష్‌ను చేసుకుని నగరి వచ్చేనాటికి ఆ చేతులకు తెలిసిందల్లా వేరుశనక్కాయలు ఒలవడమే. అత్త జ్ఞానాంబ దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పింది. నేర్చుకుంటున్న మొదటి నెలలోనే, కొంగు అంచున చీలి వేలాడుతున్న దారాన్ని కూడా పడుగు పోగే అనుకుని అతికేసింది భువనేశ్వరి. లేవబోతే మగ్గం కొంగు పట్టుకుని లాగింది. "కోడల్ని మగ్గానికి కట్టేసినారు" అని వీధి వీధంతా నవ్వింది. ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట అది. ఆ తరువాత ఆమె చేతిని చూసి నవ్వినవాడు లేడు, దేవేంద్ర నోరు తెరిచే వరకు.

దేవేంద్రకు పక్క వీధిలో ఆరు మగ్గాల షెడ్డుంది. చెడ్డవాడేమీ కాదు. మురుగేష్‌ను అన్నా అంటాడు, కాబట్టి ఆమె వొదిన. ఒక్కటే లోపం, భుజానికీ చెవికీ మధ్య ఎప్పుడూ ఫోను ఇరికించుకుని ఉంటాడు. అతని దగ్గర నేసే చీరలకు ఒక పక్క పెద్దంచు, ఇంకో పక్క చిన్నంచు. పెద్దంచులో పువ్వు వస్తుంది. పువ్వు తీసే యంత్రం మగ్గం నెత్తిన ఆ పక్కనే ఉంటుంది.

గొడవకు కారణమైన ఆ రోజు, అతని షెడ్డులో అతకడానికి కూర్చోగానే భువనేశ్వరి చూసింది. పాత పడుగులో మెరూన్ రంగు పెద్దంచు ఒక పక్క ఉంటే, కొత్త బీములో ఇంకో పక్క ఉంది.

"దేవేంద్రా, అంచు తిరగబడినట్టుండాది. రవంత సూడు."

"అతుకొదినా. నేనే సెప్పి సుట్టించినా." ఫోనులో ఎవరితోనో నవ్వుతూనే చెప్పాడు.

"అదిగాదబ్బా, ఒకసారి ఇట్ల వంగి..."

దేవేంద్ర చెయ్యి విసిరాడు, ఈగను తోలినట్టు. ఆమె అతికేసింది.

మరుసటి రోజుకు ఆరు చీరలు దిగాయి. పెద్దంచు బోడిగా ఉంది. పువ్వులు చీర ఒళ్ళో, ఎవరూ పిలవని పేరంటానికి వచ్చినట్టు కూర్చున్నాయి. ఆ సాయంత్రం అత్తకు బోండాలు కొనడానికి టీ అంగడికి వెళ్ళిన భువనేశ్వరి, బంకు పక్కన నిలబడి ఉండగానే విన్నది. అవతలి వైపు దేవేంద్ర నలుగురి మధ్య అంటున్నాడు:

"భువనేశ్వరొదిన కండ్లు మూసుకొని అతికేసిందప్పా. ఏం జేస్తాం, వయసైపోతాంది గదా. పాపం."

"కండ్లు మూసుకొని" అన్నదానికైనా ఆమె ఊరుకునేదేమో. ఆ "పాపం" మాత్రం తిన్నగా వచ్చి గుచ్చుకుంది. ఆమెకు నలభై ఆరు. అక్కడికక్కడే అడగాల్సింది. కానీ చేతిలో బోండాల పొట్లం ఉంది, నూనె కారుతోంది. ఇంటికి వచ్చేసింది. ఆ రోజు మొదలైంది కోపం.

అత్త జ్ఞానాంబ ఆ కోపాన్ని బాగా మెచ్చుకుంది. కోపాల విషయంలో ఆమె సీనియరు.

"మా సెల్లెలు రోలు ఎత్తుకపోయి పగలగొట్టి తెచ్చిచ్చింది. ముప్పై ఒక్క ఏండ్లాయ. దాని కూతురి పెండ్లికి పోయినా, మూడు పూటలా తిన్నా, దాంతో మాత్రం మాట్లాడలే. కోపమంటే అట్లుండాల. నువ్వు వాని షెడ్డు తొక్కినావంటే నా కోడలివి కాదు."

"తొక్కను లేత్తా."

"ఇప్పుడట్లే అంటావు. పది దినాలకు నీరుగారిపోతావు. మీ సత్యవేడోళ్ళకు నిలకడ యాడిది?"

ఆ మాటతో భువనేశ్వరి కోపానికి పుట్టింటి పరువు కూడా తోడైంది. దేవేంద్ర పని ఒప్పుకోలేదు. అతను ఎక్కడినుంచో వేరే మనిషిని పిలిపించుకుని అతికించుకున్నాడు. ఆమెకు మిగతా షెడ్లున్నాయి, పనికి లోటు లేదు. ఒక్కొక్క షెడ్డులో పోగులు అతుకుతూ, ఎదుట కూర్చున్నవాళ్ళకు కథ చెప్పేది. చెప్పి చెప్పి కథ నున్నబడింది. దేవేంద్ర గొంతును ఎక్కడ ఎత్తాలో, ఈగను తోలే చెయ్యి ఎక్కడ ఆడించాలో బాగా కుదిరింది. నిజం చెప్పాలంటే ఆమెకు అందులో రుచి కూడా తగిలింది.

అలాంటి రోజుల్లో, ఇంకో మగ్గాల ఆసామి సుకుమార్ షెడ్డులో పడుగు అతికి ఇంటికొచ్చింది. మరుసటి పొద్దున సుకుమార్ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. మర్యాదస్తుడు. ఏదైనా కష్టమైన మాట చెప్పాలంటే ముందు గొంతు సవరించుకుంటాడు. ఆ రోజు నాలుగుసార్లు సవరించుకున్నాడు.

"అక్కా, సెయ్యేమన్నా నొప్పిగా ఉండాదా?"

"లేదే. ఏం?"

"ఏం లేదులే. పోగులు రవంత జారతా ఉండాయి."

"ఎన్ని?"

"రెండు నూర్ల దాకా... అట్ల ఉంటాదిలే అక్కా. ఎండాకాలం గదా."

ఎండాకాలం ఇరవై నాలుగుసార్లు వచ్చి పోయింది, ఆమె పురి ఏనాడూ జారలేదు. సుకుమార్ వెళ్ళాక భువనేశ్వరి తన అరచేతులు చూసుకుంది. చెమట. కథలో "పాపం" దగ్గరికి వచ్చినప్పుడల్లా అరచేతులు చెమర్చేవి. ఆ తడికి బూడిద ముద్దయ్యేది. తడిసిన బూడిదలో పురి నిలవదు. ఆమెకు మొదటిసారి భయం వేసింది. దేవేంద్ర నోటితో అన్న అబద్ధాన్ని తన చేతులే నిజం చేసి చూపిస్తున్నాయి. ఇంకో రెండు షెడ్లలో ఇట్లాగే జారితే, టీ అంగడి మాటే ఊరి మాటవుతుంది.

ఆ సాయంత్రం కూతురు హేమశ్రీ పుత్తూరులో కాలేజీ నుంచి రాగానే తల్లి మొహం చూసి ఫోను తీసింది. అందులో కోటు వేసుకున్న ఒకాయన, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, కోపం మనల్నే కాలుస్తుందని చెబుతున్నాడు.

"సూడుమా. పాజిటివ్‌గా ఉండాల. రోజూ అద్దం ముందర ముప్పై సెకన్లు నవ్వాలంట. మళ్ళా, ఎవరి మీద కోపముంటే వాళ్ళ మంచి గుణాలు అయిదు కాగితం మీద రాయాలంట."

"ఈయన్ని ఎవరన్నా పాపం అన్నారంటనా?"

"మా!"

చేతుల మీది భయం కొద్దీ భువనేశ్వరి ఒప్పుకుంది. మర్నాడు పొద్దున అద్దం ముందు నవ్వింది. వెనకనుంచి జ్ఞానాంబ చూసి, లోపలికెళ్ళి, కోడలి నుదుటికి విబూది తెచ్చి పూసింది.

కాగితం పని ఇంకా కష్టమైంది. పైన "దేవేంద్ర – మంచి గుణాలు" అని రాసింది. ఒకటి, మీసం శుభ్రంగా కత్తిరించుకుంటాడు. రెండు, ఎవరింట్లో పెళ్ళయినా పిలిస్తే పోతాడు. మూడు దగ్గర పెన్ను ఆగిపోయింది. తరువాత రాద్దామని మడిచి, బూడిద డబ్బాలో పెట్టింది. ఆ డబ్బాను ఇంట్లో ఇంకెవరూ ముట్టరని ఆమె ధైర్యం. విబూది కోసం ఆ డబ్బాలోనే చెయ్యిపెట్టిన జ్ఞానాంబకు అది దొరికింది. ఆమెకు చదువు రాదు. మురుగేష్ పని నుంచి రాగానే చేతికిచ్చింది.

"సదువురా ఇది. నీ పెండ్లాం బూడిదలో దాచిపెట్టింది."

మురుగేష్ నడిమింట్లో నిలబడి, గట్టిగా, పేపరు చదివినట్టు చదివాడు. మీసం దగ్గరికి రాగానే చెయ్యి తన మీసం మీదికి పోయింది.

"పరాయి మొగోని మీసమా!" జ్ఞానాంబ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మొగుడి గుణాలు రాయడానికి కాయితం సాలకపోయిందా?"

"అత్తా, అదిగాదు, హేమ సెప్పింది..."

"నేను మీసం గురించి సెప్పలేదుమా!" లోపల్నుంచి హేమశ్రీ గొంతు.

మురుగేష్ మాత్రం నెమ్మదిగా పెన్ను అడిగి తీసుకుని, మూడో నంబరు ఎదురుగా ఏదో రాసి, భార్య చేతికిచ్చాడు. "వాని మగ్గాల చప్పుడు మనింటికి వినబడదు" అని ఉంది. భువనేశ్వరి చాలా రోజుల తరువాత ఎవరూ చెప్పకుండానే నవ్వింది. కానీ మిగిలిన రెండు గుణాలూ ఇంట్లో నలుగురూ కలిసి వెతికినా దొరకలేదు.

అసలు అవమానం ఆ మరుసటి రోజుది. పాల అంగడి దగ్గర దేవేంద్ర ఎదురయ్యాడు. కోటాయన మాట గుర్తొచ్చి, భువనేశ్వరి పళ్ళు బిగబట్టి నవ్వింది. దేవేంద్ర మొదట వెనక్కి తిరిగి చూశాడు, ఎవరిని చూసి నవ్వుతోందా అని. తననేనని తెలిశాక మొహం విప్పారింది. బండి ఆపాడు.

"ఏమొదినా, తప్పు తెలిసొచ్చిందా? పోనీలే. మనిషన్నాక పొరపాటు పడతానే ఉంటాడు. నేనేం మనసులో పెట్టుకోలే."

అని ఆమెను క్షమించేసి, బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

భువనేశ్వరి పాల ప్యాకెట్లు పట్టుకుని అక్కడే నిలబడింది. మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. ముప్పై సెకన్లు కాలేదు మరి. తప్పు చేసినవాడు, తప్పు చేయనిదాన్ని, నడివీధిలో పెద్దమనసుతో మన్నించి పోయాడు! కోపంగా ఉంటే చేతులు పోతున్నాయి. నవ్వితే పరువు పోతోంది.

ఇంటికి పోయే దారిలో ఆమెకు ఒక సంగతి తట్టింది. ఈ కథ కూరగాయలామెకు చెప్పింది. సుకుమార్‌కు చెప్పింది. నాలుగు షెడ్లలో చెప్పింది. ఫోన్లో సత్యవేడులో ఉన్న అన్నకు కూడా చెప్పింది. చెప్పనిది ఒక్క దేవేంద్రకే. దాని వెనకే ఇంకోటి కూడా తట్టింది. ఇన్ని రోజులూ "ఎంత మాటన్నాడు" అనుకుందే గానీ, అసలు ఆ అంచు ఎట్లా తిరగబడిందని ఒక్కసారీ ఆలోచించలేదు. పడుగు చుట్టేవాడు సొంతంగా మార్చడు, చెప్పినట్టే చుడతాడు. దేవేంద్ర ఏం చెప్పాడు? ఎక్కడ నిలబడి చెప్పాడు? అయిపోతున్న పడుగును చూసుకుంటూ కొత్తది చెప్పేవాడు బీము దగ్గరే నిలబడతాడు. బీము ఉండేది మగ్గం వెనకాల.

భువనేశ్వరి దారిలోనే ఆగి, పాల ప్యాకెట్ ఉన్న చెయ్యి ఒకసారి ఎత్తి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఎత్తి చూసుకుంది. ఎదురుగా వస్తున్న ముసలాయన ఎందుకైనా మంచిదని రోడ్డు దాటి అవతలికి పోయాడు.

మర్నాడు పది గంటలకు ఆమె దేవేంద్ర షెడ్డు మెట్లెక్కింది. ఆరు మగ్గాలూ నడుస్తున్నాయి. ఆ చప్పుడులో మాటలు వినబడవు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. మగ్గం ఆపమని సైగ చేసింది. ఒకటి ఆగింది. ఆమె మొహం చూసి నేసేవాళ్ళకు ఏదో జరగబోతోందని తెలిసి, రెండోది ఆగింది, మూడోది ఆగింది. ఆయుధపూజ నాడు కూడా ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండదు.

"ఇట్ల రా దేవేంద్రా. మగ్గం వెనక్కి."

"ఏమొదినా, పనికొస్తా ఉండావా?"

"రా అంటాండా గదా. ఆ పొద్దు పడుగు సుట్టమని ఫోన్లో సెప్పేతప్పుడు యాడ నిలబడి ఉంటివి?"

దేవేంద్ర ఆలోచించాడు. "ఈడే. బీములో ఇంకెన్ని గజాలుండాదో సూస్తా ఉంటి."

"ఏమని సెప్పినావు?"

"పెద్దంచు కుడి పక్క అని."

"నీ కుడి సెయ్యెత్తు."

ఎత్తాడు. ఇప్పుడు మగ్గం మీదున్నది సరైన పడుగే; చెయ్యి సరిగ్గా దాని పెద్దంచు మీద ఉంది. దేవేంద్ర మీసం కొంచెం పైకి లేచింది, చూశావా అన్నట్టు.

"దించొద్దు. అట్లే నడిసి ముందరికి రా. నేసేటోని మాదిరి మగ్గం పక్క తిరిగి నిలబడు."

బడిలో బయటికి పోవడానికి పంతుల్ని అడిగే పిల్లవాడిలా, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, ఆరు మగ్గాల మనుషులూ చూస్తుండగా దేవేంద్ర చుట్టూ తిరిగి ముందుకొచ్చాడు. మగ్గం వైపు తిరిగాడు. తన చేతి వైపు చూశాడు. దాని కింద చిన్నంచు ఉంది.

"పడుగు సుట్టేటోళ్ళు ఎప్పుడూ నేసేటోని కుడినే కుడి అంటారు. నువ్వు వెనకాల నిలబడి నీ కుడి సెప్పినావు."

దేవేంద్ర చెయ్యి దించడం మరిచిపోయాడు.

"నేను... నిజ్జంగా నువ్వే తప్పతికినావనుకుంటినొదినా."

భువనేశ్వరి అతని కళ్ళలోకి చూసింది. అబద్ధం లేదు. ఇన్ని రోజులూ ఆమె మనసులో ఉన్న దేవేంద్ర వేరు. వాడు తన తప్పు తెలిసి తెలిసి ఆమె నెత్తిన రుద్దినవాడు, పన్నాగం తెలిసినవాడు. ఇక్కడున్నవాడు కుడిఎడమలు తెలియని మామూలు మనిషి. ఇంత పెద్ద కోపం ఇంత చిన్నవాడి మీద పెట్టుకున్నానా అని ఆమెకు కొంచెం నిరాశగా కూడా అనిపించింది.

అయినా వచ్చిన పని వదల్లేదు.

"రెండుసార్లు సెప్పినాను. నువ్వు ఫోను దించలే. మూడోసారి సెప్పకుండా అతికేసింది నా తప్పు, అది నేనొప్పుకుంటా. మిగిలిందంతా నీదే. ఇంకొకటి, నాకు నలభై ఆరు. పాపం అనే వయసు గాదు. యాడన్నావో ఆడే సెప్పాల."

"టీ అంగట్లోనా?"

"ఆ. బోండాలు దించే టయానికి."

సాయంత్రం ఆమె వెళ్ళింది. ఈసారి బంకు పక్కన కాదు, ముందరే నిలబడింది. దేవేంద్ర బోండా నోట్లో పెట్టుకుని, నమలడానికీ మింగడానికీ మధ్య గబగబా ఏదో అనేశాడు.

"ఏమంటివి?" అన్నాడొకాయన.

"అదే... ఆ అంచు తిరగబడింది... నా వల్లే అని."

"గెట్టిగా సెప్పప్పా, స్టవ్వు సప్పుడులో వినబడలే."

దేవేంద్ర బోండా మింగి, గొంతెత్తి చెప్పాడు. వొదిన సరిగ్గానే అతికింది, ముందే చెప్పింది, నేనే వినలేదు, కుడి పక్క అని తప్పు చెప్పింది నేను. అంగడి మొత్తం పగలబడి నవ్వింది.

"కుడి యాదో ఎడమ యాదో తెలీనోనివి ఆరు మగ్గాలెట్ల తిప్పుతాండావురా?"

"తినే సెయ్యి ఏదో సూపించు సూస్తాం!"

దేవేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు ఆగడం లేదు. ఇన్ని రోజులూ ఇదే కదా కావాలనుకుంది భువనేశ్వరి. కానీ అది కళ్ళెదుట జరుగుతుంటే, అనుకున్నంత తీపిగా లేదు.

"సాల్లేండబ్బా," అంది. "నేనే తిరుపతిలో బస్సు దిగితే ఇంకా ఏ పక్క నడవాలో తెలీక నిలబడతా. ఆయనకు ఇంకో బోండా ఇయ్యండి."

ఇంటికొచ్చి చెబితే జ్ఞానాంబకు మింగుడు పడలేదు. "అప్పుడే అయిపోయిందా? నెలన్నా కాలేదే!" అని ముసుగు పెట్టుకుని పడుకుంది.

ఆ వారం దేవేంద్ర మూడో మగ్గానికి పడుగు మారింది. భువనేశ్వరి వెళ్ళి కూర్చుంది. దేవేంద్ర ఫోను కిటికీలో పెట్టి, వంగి, అంచులు తనే చూసి, ఆమెను కూడా చూడమని, ఇద్దరూ చూశాకే అతకమన్నాడు. ఆమె వేళ్ళకు బూడిద అద్దుకుంది. అయిదు నూర్ల పోగుల దగ్గర "పాపం" అనే మాట ఒకసారి ఊరికే పలకరించడానికి వచ్చినట్టు వచ్చింది. పూర్తిగా పోయే రకం కాదది. అరచేయి చీరకు తుడుచుకుని, మళ్ళీ బూడిద అద్దుకుని, తరువాతి పోగు అందుకుంది. ఎవరికీ ఏ కథా చెప్పలేదు. దాంతో పని కూడా తొందరగా తెమిలింది.

అతకడం అయ్యాక పడుగును మెల్లగా ముందుకు లాగారు. నాలుగు వేల పురులూ వరుసగా అచ్చు దగ్గరికి వచ్చాయి. భువనేశ్వరి లేచి, మగ్గం మీద చెయ్యి ఆనించి చూసింది. ఒకటి తెగింది. కొంచెం అవతల ఇంకోటి. చివర్లో మరొకటి. అంతే. మిగతావన్నీ అచ్చు సందుల్లోంచి నీళ్ళలా జారి అవతలికి పోయాయి. అంత పడుగులో అయిదారు తెగినా ఈ పనిలో ఎవరూ పట్టించుకోరు.

ఆమె వంగి, ఆ మూడింటినీ వెతికి పట్టుకుని, మళ్ళీ అతికింది.

"వొదినా, టీ సెప్పనా?"

"సెప్పు. సక్కెర తక్కువెయ్యమను."

దేవేంద్ర మగ్గం స్విచ్చు వేశాడు. ఆ తరువాత ఇద్దరూ ఏమనుకున్నారో చప్పుడులో ఎవరికీ వినబడలేదు.